కిటికీ గట్టు మీద రొట్టె తునకలు

మధ్యాహ్నం మూడు దాటింది. ఆకాశంలో ఎక్కడా మబ్బు లేదు, గాలి లేదు. చలికాలం చివర్లో అంత ఎండ కాయడం అరుదు.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. అరగంట కిందట కిరాణా కొట్టతను ఫోన్ చేసి చెప్పాడు. గోడ మలుపు దగ్గర కొండరాళ్ళు పడ్డాయట. పట్నం నుంచి రావాల్సిన బస్సు రాలేదట. రోడ్డు మూసేశారట, అటువైపు ఎవర్నీ పోనివ్వడం లేదట. ఆ బస్సులో ఆమె భర్త, కూతురు, కొడుకు ఉన్నారు. ముగ్గురి ఫోన్లూ పలకడం లేదు. కొడుక్కి కళ్ళజోడు మార్పించాలి, వచ్చేవారం చూద్దాంలే అన్నాడు భర్త. ఎండ ఎంత బాగుందో చూడండి, పిట్టలు కూడా కూస్తున్నాయి, ఇవాళే వెళ్ళి రండి అని ముగ్గుర్నీ పంపింది ఆమే.

ఆ సంగతి ఒక్కసారి పైకి అంది. కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు మొదలుపెట్టింది.

ఇలా వచ్చి కూర్చో అమ్మాయ్. నువ్వు పట్టుకోకపోతే గుమ్మం పడిపోదులే. రోడ్డు ఇక్కణ్ణించి కూడా కనిపిస్తుంది, నా కళ్ళకే ఆనుతుంటే నీకు ఆనదా? కూర్చో. నువ్వేం మాట్లాడక్కర్లేదు, నేను మాట్లాడతాను, నాకు అలవాటేగా. మా అత్తగారు అనేది, దీని నోరు మూతపడాలంటే పైనుంచి పిలుపు రావాల్సిందే అని. ఆవిడకే వచ్చింది పిలుపు, నాకింకా రాలేదు. ఏమంటున్నానూ... ఆఁ, మామగారు. మా మామగారి సంగతి నీకెప్పుడైనా సరిగ్గా చెప్పానా? మీ ఆయనకి తాత. ఫొటోలో టోపీ పెట్టుకుని, ఎవరో అప్పుడే తిట్టిపోసినట్టు మొహం పెట్టుకుని ఉంటారు చూడు, ఆయనే. ఆ మొహం ఫొటో కోసం పెట్టింది. మామూలప్పుడు అలా ఉండేది కాదు. చెవులు మాత్రం అంతే, ఫొటోలో ఉన్నంత పెద్దవే. మీ ఆయనవీ అవే చెవులు, ఏం చేస్తాం. ఊరంతా ఆయన్ని పిట్టల మేస్త్రి అనేవాళ్ళు. వెక్కిరింతకే అనేవాళ్ళు గానీ ఆయన పిలుపుగా తీసుకున్నారు. ఎవరైనా పిట్టల మేస్త్రీ అంటే, ఆఁ చెప్పండి అనేవారు.

అప్పుడు మేం ఉన్నది ఈ ఇంట్లో కాదు. మలుపుకి ఇవతల రోడ్డు పనివాళ్ళ క్వార్టరు ఉండేది, రెండు గదులు, మధ్యలో పొయ్యి. ముందు గది కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. కొండ అంటే ఏటవాలుగా ఉండేది కాదు, గోడలా నిటారుగా, తలెత్తి చూస్తే టోపీ జారి పడాల్సిందే. అందుకే గోడ మలుపు అన్నారు. దాని కింద నుంచే రోడ్డు. క్వార్టరు పక్కనే గేటు, ఎరుపూ తెలుపూ రంగేసిన పెద్ద వాసం. అది దించితే బండ్లు ఆగాలి, ఎత్తితే పోవాలి. మలుపుకి అవతల కూడా అలాంటిదే ఇంకోటి, ఇక్కడ గంట కొడితే అక్కడా దించేవాళ్ళు. ఎత్తడం, దించడం మామగారి పని. నడిచలికాలంలో బెంగ లేదు. రాతి పగుళ్ళలో నీళ్ళు గడ్డకట్టి, రాయికీ రాయికీ జిగురేసినట్టు బిగబట్టి ఉంచుతాయి. కొండ నిద్రపోతోంది అనేవారు. చలి పోతూ పోతూ ఉన్న రోజుల్లోనే భయం. పగటి ఎండకి లోపలి గడ్డ కరిగి జిగురు వదులుతుంది. సాయంత్రం మళ్ళీ చలి పడగానే బిగుసుకుంటుంది. ఆ మధ్య గంటల్లో గేటు దించి ఉంచాలి. కానీ ఏ రోజు? అదీ తెలియాల్సింది. రోజూ దించి కూర్చుంటే జనం ఊరుకుంటారా?

దానికాయన పిట్టల్ని పెట్టుకున్నారు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నువ్వు నవ్వవులే, ఇవాళ. ఆ గోడ పగుళ్ళలో చిన్న చిన్న పిట్టలుండేవి, పిడికిట్లో ఇమిడిపోతాయి, బూడిదరంగు ఒళ్ళు, గొంతు కింద తెల్లమచ్చ. అసలు పేరేమిటో నాకు తెలీదు, మేం గోడపిట్టలు అనేవాళ్ళం. చలికి వాటికి పైన తాగడానికి చుక్క దొరకదు, తినడానికి పురుగు దొరకదు. తెల్లారేసరికి మా కిటికీ గట్టు మీదకి దిగేవి. మామగారు లేవగానే, మొహమైనా కడుక్కోకుండా, రాత్రి మిగిలిన రొట్టె తీసి తునకలు చేసి గట్టు మీద పరిచేవారు. పరిచి, పలుగు భుజాన వేసుకుని రోడ్డు మీదకి పోయేవారు, గ్యాంగు వాళ్ళు నలుగురూ వెనకాల. తొమ్మిదింటికి తిరిగొచ్చి గట్టు చూసేవారు. ఖాళీగా ఉందా, పిట్టలొచ్చి తిన్నాయి, అంటే పైన వాటికి ఏమీ దొరకలేదు, అంటే కొండ నిద్రలోనే ఉంది. వాసం పైకి. తునకలు అలాగే ఉన్నాయా, పిట్టలు దిగలేదు, అంటే పైనే నీళ్ళు దొరికాయి, పురుగులు బయటికొచ్చాయి, అంటే పగుళ్ళు కారుతున్నాయి. కొండ లేచింది. వాసం కిందికి. అంతే లెక్క. నేను వచ్చేనాటికి ఇరవై రెండేళ్ళుగా అదే లెక్క, ఒక్క రాయి ఒక్క మనిషి మీద పడలేదు.

నేను కాపరానికొచ్చిన ఏడాది చలికి నా వేళ్ళు వాచిపోయాయి. పొయ్యి ముందు నుంచి కదిలేదాన్ని కాదు. మామగారొచ్చి, అమ్మాయ్, ఇలా రా, చలిని తిట్టుకుంటూ కూర్చుంటే అది పోదు, పోతున్నప్పుడు చూడాలి దాన్ని, సరదాగా ఉంటుంది అనేవారు. కిటికీ దగ్గర నిలబెట్టి ఒక్కోటీ చూపించేవారు. అదుగో, ఆ బొద్దుగా ఉన్నది గుమాస్తా. అందరికంటే ముందొస్తాడు, అన్నీ చూస్తాడు, ఏమీ చెయ్యడు. ఆ రెండూ తోడికోడళ్ళు, గట్టంతా ఖాళీగా ఉన్నా ఒకే తునక కావాలి ఇద్దరికీ. ఆ రొమ్ము విరుచుకుని నడిచేవాడు పెళ్ళికొడుకు, ఇంకా సంబంధం కుదరలేదు. నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేదాన్ని. అటు పొయ్యి దగ్గర్నించి మా అత్తగారు, పిట్టలకి రొట్టెలు, నాకు చివాట్లు, ఈ ఇంట్లో రెక్కలుంటేనే మర్యాద, అనేది. ఆయన మెల్లిగా నాతో, ఇది ఏ పిట్టో చెప్పు చూద్దాం అనేవారు.

ఆయనకి అన్నీ ముందే తెలిసిపోయేవి అమ్మాయ్. చూరు కింద మంచుపుల్ల మొదటి బొట్టు రాల్చిన పూట, పొయ్యి ముందు నుంచే చెవి రిక్కించేవారు. తడిరాయి వాసన వస్తోంది, నీకు రావట్లేదా అనేవారు. నాకు పొగ వాసన తప్ప ఏదీ వచ్చేది కాదు. ఎండు కొమ్మ ఒకటి విరుచుకొచ్చి, చివర ఎర్రటి చుక్కంత మొగ్గ చూపించి, ఇది నిన్న లేదు అనేవారు. నిన్న ఆ కొమ్మని చూసిందెవరు, ఆయన తప్ప? కాకి ముక్కున పుల్ల కనిపిస్తే, అదుగో, ఇల్లు కడుతోంది, మనమే వెనకబడ్డాం అనేవారు. ఇక గోడపిట్టలైతే, చలంతా ముక్కుతూ మూలుగుతూ చిక్ చిక్ అనేవే, ఒకరోజు ఉన్నట్టుండి గొంతు సాగదీసి పాటలాంటిది అందుకుంటాయి. ఊళ్ళో అందరూ, ఆహా, చలి పోయింది, పిట్టలు పాడుతున్నాయి అని మురిసిపోయేవాళ్ళు. మామగారి మొహం మాత్రం చిన్నబోయేది. ఆ పాటంటే ఆయనకి ఎంత ఇష్టమో అంత భయం. అమ్మాయ్, గుమాస్తా గొంతు మారింది, ఇక మనం జాగ్రత్తగా ఉండాలి అనేవారు. ఏమిటలా చూస్తావు? ఆ, చెబుతున్నాగా, ఆగు.

దర్జీ ఒకాయన ఉండేవాడు. మామగారికి ఒక్కడే స్నేహితుడు, కాలు కొంచెం ఈడ్చేవాడు, నోరు మాత్రం పరిగెత్తేది. వారానికి రెండుసార్లు పట్నం పోయి గుడ్డలూ దారాలూ తెచ్చుకునేవాడు. బస్సు మా గేటు దగ్గర ఆగితే కిటికీలోంచి తల బయటపెట్టి, ఏం మేస్త్రీ, పిట్టలు సెలవిచ్చాయా అని అరిచేవాడు. వాసం దించిన రోజైతే బస్సు దిగొచ్చి మా అరుగు మీద కూర్చుని, మీ మామగారి వల్ల నా వ్యాపారం పాడైపోయిందమ్మా, పెళ్ళివారి కోటుకి ఒక చెయ్యి కుట్టాను, రెండో చేతికి గుడ్డ లేదు, పెళ్ళికొడుకు ఒంటిచేత్తో పెళ్ళి చేసుకోవాలి అనేవాడు. మామగారు, రెండు చేతులూ ఉండి ఏం చేస్తాడులే, ఎలాగూ పెళ్ళాం చెప్పిందే వినాలి అనేవారు. సాయంత్రం దాకా అలా ఇద్దరూ. ఫొటోలో ఉన్న కోటు ఆ దర్జీ కుట్టిందే. ఒక జేబు లోపల ఇంకో జేబు పెట్టాడు, పిట్టల రొట్టెకి వేరే చోటుండాలి కదా అని.

పెళ్ళై ఆర్నెల్లు. మా అమ్మ మొదటిసారి నన్ను చూడ్డానికొస్తోంది. పదిగంటల బస్సు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. తెల్లారకుండానే లేచి గిన్నెలు తోమాను, గదులు కడిగాను, పొయ్యి అలికాను. మామగారు ఎప్పట్లాగే గట్టు మీద తునకలు పరిచి వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, గుమాస్తా గొంతు మారినట్టుందే అన్నారు. నేను వినీ వినకుండా ఊఁ అన్నాను. ఎండొచ్చింది. ఏడూ ఏడున్నర అయి ఉంటుంది. ముందు గదిలోకొచ్చి చూద్దును గదా, గట్టంతా రొట్టె పొడి. మా అమ్మ ఎలాంటి మనిషనుకున్నావు? తలుపు వెనకాల వేలు పెట్టి రాసి దుమ్ము చూసుకునే మనిషి. ఆర్నెల్లలో కిటికీ గట్టు తుడవడం కూడా నేర్పలేదా మీ అత్తగారు అని అందరి ముందూ అనేస్తుంది. చీపురు తీసుకున్నాను, ఊడ్చేశాను, తడిగుడ్డ పెట్టి తుడిచాను కూడా. తళతళలాడింది. తెలీదా అంటావా? తెలుసమ్మా. ఆ లెక్కంతా నాకు తెలుసు, ఆయనే చెప్పారు, పదిసార్లు చెప్పారు. ఆ పూట నా బుర్రలో అమ్మ తప్ప ఇంకేదీ లేదు. అంతే. ఇంకో సాకు లేదు.

తొమ్మిదింటికి ఆయనొచ్చారు. నేను పొయ్యి దగ్గర పిండి కలుపుతున్నాను. ముందు గదిలోంచి అన్నారు, తిన్నాయమ్మాయ్, నేనే పొరపడ్డాను, మీ అమ్మ బస్సుకి అడ్డం లేదు. చూడు, చెవి ఒకటి చెప్పింది, గట్టు ఇంకొకటి చెప్పింది, ఆయన గట్టునే నమ్మారు. నేనేమన్నాను? మళ్ళీ ఊఁ అన్నాను. చేతులు పిండిలో ఉన్నాయి, మనసు బస్సులో ఉంది. వాసం పైకి లేచిన చప్పుడు కూడా విన్నాను, కిర్రుమని.

చప్పుడు గురించి చెప్పను. నువ్వు ఇప్పుడు ఊహించుకుంటున్నావని తెలుసు, వద్దు. బస్సు వెనకభాగం మీద పడింది. మా అమ్మ ముందు సీటులో ఉంది, నుదురు చిట్లింది, నడిచొచ్చింది. గేటు దగ్గర నన్ను పట్టుకుని, ఏమిటే పిల్లా ఇంత చిక్కిపోయావు అంది, రక్తం కారుతూ ఉంటే. వెనక సీటులో ఒక్కరు తప్ప అందరూ దిగారు. మామగారు ఆగలేదు, పైనుంచి ఇంకా గులకరాళ్ళు రాలుతూనే ఉన్నాయి, పలుగు పట్టుకుని లోపలికి దూరారు. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతుల్లో దర్జీ ఉన్నాడు. అంతే. దర్జీ ఇక మాట్లాడలేదు.

పెద్ద ఇంజనీరొచ్చాడు, బూట్లకి బురదంటకుండా అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గేటెందుకు వెయ్యలేదయ్యా? మామగారు చేతులు కట్టుకుని నిలబడి, ఆ రోజు చూసుకోలేదండి, ఒళ్ళు బాగోలేక పడుకుండిపోయాను అన్నారు. తలుపు వెనకాల నేను. పడుకోవడమేమిటి, ఆయన ఏనాడు పడుకున్నారు? పడుకుంటే ఎలాగయ్యా, మనిషి పోయాడు గదా! అవునండి. నీదేనా తప్పు? నాదేనండి. రాసుకున్నాడు. మేస్త్రీ పని తీసేశారు. అదే గ్యాంగులో సుత్తి ఇచ్చి రాళ్ళు కొట్టమన్నారు, నిన్నటిదాకా ఆయన దగ్గర తట్ట మోసినవాణ్ణే మేస్త్రీని చేశారు. ఆ కొత్త మేస్త్రికి ఊళ్ళో సొంత ఇల్లుంది గనక క్వార్టరు మాత్రం మాకే ఉంచారు. పాపం వాడు మంచివాడే. గేటు దగ్గర తేదీలు రాసిన బోర్డు పెట్టారు, ఈ రోజు నుంచి ఈ రోజు దాకా మూయాలని. వాడేమో రోజూ పొద్దున్నే చుట్ట పట్టుకుని, పెద్దాయనా, నిప్పుందా అంటూ వచ్చేవాడు. మాట నిప్పు మీద, చూపు గట్టు మీద. ఉన్నాయిరా, దించెయ్ అనేవారు మామగారు. నిప్పు అడక్కుండానే వెళ్ళిపోయేవాడు.

దర్జీ భార్య మా గుమ్మంలోకొచ్చి నిలబడింది ఒకసారి. తిట్టినా బాగుండు. ఆయన్ని చూసింది, వెళ్ళిపోయింది. ఆ ఏటి నుంచి ప్రతి చలికాలం మామగారు కట్టెలు కొట్టి, మోపు కట్టి వాళ్ళ గోడవారన పెట్టొచ్చేవారు. మొదటేడు మోపు మోపుగా తెచ్చి మా వాకిట్లో పడేసింది. రెండో ఏడూ అంతే. మూడో ఏడు తిరిగి రాలేదు. ఆ రోజు ఆయన రొట్టె రెండు ముక్కలు ఎక్కువ తిన్నారు, నాకు గుర్తుంది.

పోయింది కూడా ఇలాంటి రోజుల్లోనే. మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నారు. తునకలు నేనే పరిచేదాన్ని. చూపు మందగించింది ఆయనకి. అమ్మాయ్, ఉన్నాయా అనేవారు. ఉన్నాయి మామయ్యా. అయితే దించమను. ఎన్నిసార్లు అనుకున్నానో, అప్పుడైనా కాళ్ళ మీద పడి చెప్పేద్దామని. నేనే ఊడ్చాను మామయ్యా అని. నోరు ఇంత ఉంది గదా నాకు, రాలేదు. మీ మామయ్యకీ చెప్పలేదు, ఆయన తన తండ్రి నిద్రపోయాడనే అనుకుంటూ పోయారు. ఎవరికీ చెప్పలేదు. నీకే. ఇప్పుడే.

ఆయనకి తెలీదా అంటే... తెలుసమ్మా. అదే నేను చెప్పాలనుకుంది, ఇంతసేపు తిప్పి తిప్పి. ఆ సాయంత్రం దర్జీని తీసుకుపోయాక, అందరూ వెళ్ళిపోయాక, మామగారు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. నేను వంటగది తలుపు సందులోంచి చూస్తున్నాను. చెత్తకుప్ప మీద ఉన్నాయి, నేను ఊడ్చిన తునకలు, తెల్లగా, ఒక్కటి కూడా పిట్ట ముట్టనివి. ఆయన ఆగారు. చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డారు. ఒళ్ళంతా రాతిపొడి, చొక్కా మీద దర్జీ రక్తం. ఇప్పుడు తిరుగుతారు, నన్ను పిలుస్తారు అనుకున్నాను. ఆయన పక్కనే ఉన్న పొయ్యి బూడిదని కాలితో లాగి, ఆ తునకల మీద కప్పేశారు. అటూ ఇటూ చూసి, ఇంకొంచెం కప్పారు. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, అమ్మాయ్, మీ అమ్మకి కట్టు మార్చారా అనడిగారు.

మరి ఇవాళ పొద్దున్న నేనూ విన్నానమ్మా ఆ పిట్టని. నువ్వు వాకిట్లో నిలబడి ఎండ బాగుంది, వెళ్ళి రండి అంటున్నప్పుడు ఇదే కుర్చీలో ఉన్నాను నేను. గొంతు మారింది. నాకు తెలిసింది. ఇప్పుడు గోడకి ఇనపవల బిగించారుగా, ముసలిదాని చాదస్తం ఎందుకులే అని ఊరుకున్నాను. నీకు ఆ పాట సంగతి తెలీదు. నాకు తెలుసు. కాబట్టి అదంతా నువ్వొక్కదానివే నెత్తినెత్తుకోకు. ఏదైనా అయితే... ఏదైనా అయితే మీ ఆయనకి నేనే చెబుతాను, నేనే...

అత్తగారు ఆగిపోయింది. కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తోంది.

పొయ్యి మీద నీళ్ళు పెట్టు అమ్మాయ్, అంది. పిల్ల చెప్పులు లేకుండా నడిచొస్తోంది.

ఆమె నీళ్ళు పెట్టలేదు. వీధిలోకి పరిగెత్తింది. కూతురు, కూతురి చెయ్యి పట్టుకుని కొడుకు. ఇద్దరి జుట్టూ తెల్లగా రాతిపొడి. వల తెగిందట. రాళ్ళు బస్సు ముందొకసారి, వెనకొకసారి పడ్డాయట, బస్సు మధ్యలో చిక్కుకుపోయిందట. ఫోన్లు అందలేదట. అందర్నీ దింపి డ్రైవరు మేకలు నడిచే దారెంట పైనుంచి నడిపించాడట. నాన్న వెనకాల వస్తున్నాడు, ఎవరో ముసలావిడ నడవలేకపోతే మోసుకొస్తున్నాడు.

"ఎంతమంది?" అంది ఆమె.

"డ్రైవరుతో కలిపి పద్నాలుగు."

ఆమె నడివీధిలో నిలబడింది. కూతురు ఒకటి, కొడుకు రెండు. బడిపంతులు, ఆయన భార్య. నాలుగు. మంగలి. ఐదు. పాలవాళ్ళ అన్నదమ్ములు ఇద్దరు, ఏడు. సంచి గుండెకి హత్తుకుని నర్సు, ఎనిమిది. తను ఎరగని మనుషులు ముగ్గురు, పదకొండు. తరవాత రోడ్డు చాలాసేపు ఖాళీగా ఉంది. కొడుకు ఏదో అడిగాడు, ఆమె చెయ్యి ఎత్తి ఊరుకోమంది. వీధి చివర మలుపు తిరిగి భర్త కనిపించాడు, వీపు మీద ముసలావిడ. పన్నెండు, పదమూడు. వాళ్ళ వెనకాల, టోపీ చేత్తో పట్టుకుని, డ్రైవరు.

పద్నాలుగు.

కిటికీలో అత్తగారి పెదాలు కూడా కదులుతున్నాయి. ఆమె మళ్ళీ కూతురి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఒకటి. రెండు.